చెక్కుల రాకపోకలు

కొంతకాలము క్రిందట మేము మా వీధిలోని బియ్యపు వర్తకునకు ఒక చెక్కు వ్రాసి యిచ్చితిమి. రెండు దినములైన పిమ్మట ఆయన మా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, మంచినీళ్లు పుచ్చుకొని, వానలను గూర్చియు మనుమల చదువులను గూర్చియు మాటలాడి, తుదకు జేబులోనుండి ఆ చెక్కును తీసి మా చేతిలో పెట్టెను. దానితో ఒక చిన్న చీటీ జతపరచబడి యుండెను. ‘సంతకము సరిపోలలేదు’ అని అందు కారణము. బ్యాంకులో సొమ్మున్నది, చెక్కు మాది, సంతకము మేము చేసినదే. కాని ముప్పదియేండ్ల క్రిందట బ్యాంకువారికిచ్చిన నమూనా సంతకములోని చేయి వేరు, ఇప్పటి వణకు చేయి వేరు. వర్తకుడు పెద్దమనిషి, ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. ఆయన పలుకని ఆ మాటయే మాకు ఆ రాత్రి నిద్ర పట్టనీయలేదు.

చెక్కు తిరిగివచ్చుట యనగా మాట తిరిగివచ్చుటయే. మనము వ్రాసియిచ్చిన కాగితమును లోకము నమ్మినది. ఆ నమ్మకము మధ్యదారిలో ఆగిపోయినది. అయితే ఆ కాగితము మన చేయి దాటిన తరువాత ఎచ్చటికి పోవుచున్నది? ‘చెల్లదు’ అని చెప్పు అధికారము ఎవరిది? ఏ గంటలోపల చెప్పవలెను? చెప్పక ఊరకున్నచో ఏమగును? ఈ ప్రశ్నలకు సమాధానములు ఒక్కనాడు పుట్టినవి కావు. వీనివెనుక రెండువందల యేబది సంవత్సరములకు మించిన చరిత్ర యున్నది.

చెక్కు మనకు ఇంగ్లీషువారితో వచ్చినదే గాని, ఒక ఊరిలో సొమ్ముకట్టి మరియొక ఊరిలో కాగితము చూపి తీసికొను పద్ధతి మనకు క్రొత్త కాదు. హుండీ వ్యాపారము ఈ దేశమున శతాబ్దములుగా సాగినది. చూపినతోడనే చెల్లింపవలసినది దర్శనీ హుండీ; గడువు తీరిన పిదప చెల్లింపవలసినది ముద్దతు హుండీ. వీనిలో షాజోగు హుండీ యనునది మిక్కిలి గమనింపదగినది. అది ఎవరు తెచ్చినను చెల్లింపదగినది కాదు. బజారులో పరువుగల షావుకారు ద్వారా వచ్చిననే దానికి సొమ్మిచ్చుట ఆచారము. దొంగచేతిలో పడిన హుండీకి డబ్బు పుట్టకుండ చేసిన కట్టుబాటిది. హుండీ పోయినచో పేఠ్ అను రెండవ ప్రతియు, అదియు పోయినచో పర్‌పేఠ్ అను మూడవ ప్రతియు వ్రాసియిచ్చుట కూడ ఉండెను. చట్టసభలు పుట్టకమునుపే వర్తకులు తమ పరువునే పూచీగా పెట్టుకొని యీ నియమములను నిలుపుకొనిరి. 1881వ సంవత్సరపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము సైతము దేశభాషలలో వ్రాసిన పత్రములకు సంబంధించిన స్థానికాచారములను తన మొదటి సెక్షనులోనే మన్నించినది.

ఇక చెక్కుల సంగతికి వత్తము. పదునెనిమిదవ శతాబ్దపు లండను నగరములో పదులకొలది ప్రైవేటు బ్యాంకులుండెను. ఒక బ్యాంకు ఖాతాదారుడు వ్రాసిన చెక్కు మరియొక బ్యాంకులో జమకు వచ్చెడిది. ప్రతిదినమును ప్రతి బ్యాంకునుండియు ఒక గుమాస్తా సంచి చంక బెట్టుకొని, తక్కిన బ్యాంకులన్నింటికిని నడచిపోయి, చెక్కులు చూపి, నాణెములో నోట్లో తెచ్చుకొనవలసి వచ్చెడిది. ఇట్లు తిరుగు గుమాస్తాలు వీధిమొగలలో ఒకరికొకరు ఎదురుపడి, ‘నీవద్ద మావి, నావద్ద మీవి’ యని చెక్కులు మార్చుకొని, తేడాను మాత్రము చెల్లించుకొన మొదలిడిరనియు, పిమ్మట లంబార్డు వీధి సమీపమున ‘ఫైవ్ బెల్స్’ అను పానశాలలో కూడుకొనుచుండిరనియు చెప్పుదురు. ఈ ఉపాయము యజమానుల ఆలోచన గాదు. కాళ్లు నొచ్చిన గుమాస్తాల ఆలోచన. 1773లో ఇందుకై ఒక గది అద్దెకు తీసికొనబడెను. క్లియరింగ్ హౌసు అను మహాసంస్థకు అదియే అంకురము.

ఆ గదిలో జరుగు పనిని చార్లెసు బాబేజి అను గణితవేత్త 1832లో ప్రకటించిన తన గ్రంథమున వర్ణించెను. లెక్కలు చేయు యంత్రమును ఊహించిన బాబేజి యితడే. పెద్ద గదిలో చుట్టును బల్లలు. బ్యాంకుల పేర్ల అక్షరక్రమమున సుమారు ముప్పదిమంది గుమాస్తాలు. ఒక్కొక్కని ప్రక్కను ఒక మూతలేని పెట్టె. తలపై గోడమీద పెద్ద అక్షరములలో బ్యాంకు పేరు. ఇతర గుమాస్తాలు వచ్చుచు పోవుచు ఆయా పెట్టెలలో చెక్కులు వేయుచుందురు. సాయంకాలమునకు లెక్క కట్టుదురు. దినమునకు సుమారు 25 లక్షల పౌనుల చెక్కులు మారుచుండగా, తేడాలు తీర్చుటకు రమారమి 2 లక్షల పౌనుల నోట్లును, కేవలము 20 పౌనుల నాణెమును చాలుచుండెనని అతడు వ్రాసెను. పండ్రెండవవంతుకంటె తక్కువ సొమ్ముతో మొత్తము ఋణములన్నియు తీరుచున్నవన్నమాట.

ఇది ఎట్లు సాధ్యము? ఒక చిన్న లెక్క చూతము. ఒక ఊరిలో మూడు బ్యాంకులున్నవనుకొందము. మొదటి బ్యాంకుచేతిలో రెండవదానిపై 50,000, మూడవదానిపై 20,000 రూపాయల చెక్కులున్నవి. రెండవ బ్యాంకుచేతిలో మొదటిదానిపై 45,000, మూడవదానిపై 30,000. మూడవ బ్యాంకుచేతిలో మొదటిదానిపై 22,000, రెండవదానిపై 27,000. చెక్కుల మొత్తము 1,94,000 రూపాయలు. కాని కూడికలు తీసివేతలు చేసి చూచినచో, మొదటి బ్యాంకునకు రావలసినది 3,000 మాత్రమే. రెండవది 2,000, మూడవది 1,000 ఇచ్చుకొన్నచో అన్ని ఖాతాలును సరి. దాదాపు రెండు లక్షల వ్యవహారము మూడు వేలతో ముగిసినది.

ఇప్పుడు మొదటి బ్యాంకు పంపిన చెక్కులలో 4,000 రూపాయల చెక్కొకటి మూడవ బ్యాంకులో చెల్లక తిరిగివచ్చినదనుకొందము. అప్పుడు మొదటి బ్యాంకు పుచ్చుకొనుటకు మారుగా తానే 1,000 ఇచ్చుకొనవలెను. మూడవ బ్యాంకు 1,000 ఇచ్చుటకు మారుగా 3,000 పుచ్చుకొనును. ఒక్క కాగితము తిరిగివచ్చుటతో ఇచ్చువారు పుచ్చుకొనువారైరి, పుచ్చుకొనువారు ఇచ్చువారైరి. కనుక తిరుగు చెక్కులకు గడువు లేనిచో ఏ సాయంకాలపు లెక్కయు లెక్క కాదు. ‘చెల్లదు’ అను మాటను నిర్ణీతమైన గంటలోపల చెప్పవలెను. ఆ గంట దాటిన పిదప మౌనము అంగీకారమే. చెక్కుల నియమములన్నింటికిని నడిబొడ్డు ఈ సూత్రము.

క్లియరింగ్ హౌసు మరియొక సేవ కూడ చేసినది. ఏ బ్యాంకు చెక్కు తెచ్చినదో లెక్కకు తెలియుటకై గుమాస్తాలు చెక్కు ముఖముమీద అడ్డముగా తమ బ్యాంకు పేరు వ్రాయుచుండిరి. దీనిని చూచి జనులు తామే చెక్కుపై రెండు గీతలు గీయ నారంభించిరి. అట్టి చెక్కునకు కిటికీవద్ద సొమ్ము రాదు. ఏదో యొక బ్యాంకు ఖాతాద్వారానే రావలెను. దొంగిలించినవాడు ఎవరి ఖాతాలో వేసెనో తెలిసిపోవును. ఈ ఆచారమునకు ఇంగ్లండులో 1856లో చట్టబలము చేకూరెను. మన షాజోగు హుండీయందలి బుద్ధియే ఇచ్చట రెండు గీతలైనది.

ఈ సంస్థయందు అందరికిని చోటు దొరకెననుకొనరాదు. వాటాదార్ల పెట్టుబడితో క్రొత్తగా వెలసిన జాయింట్ స్టాకు బ్యాంకులను పాత ప్రైవేటు బ్యాంకులవారు లోపలికి రానీయలేదు. 1834లో తలుపులు తెరచిన లండన్ అండ్ వెస్ట్‌మినిస్టరు బ్యాంకు ఇరువది సంవత్సరములు వాకిట నిలువవలసి వచ్చెను. 1854లో గాని వారికి ప్రవేశము లభింపలేదు. ఆ సంవత్సరముననే దినాంతమున నోట్లు నాణెములు మార్చుకొనుట పోయి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులోని ఖాతాలలో జమఖర్చు వ్రాయుటతో తేడాలు తీరసాగెను. 1858లో జాన్ లబ్బాకు ప్రయత్నముచేత పల్లెపట్టుల బ్యాంకుల చెక్కులకును ఏర్పాటు కుదిరెను.

చెల్లని చెక్కును చెల్లించుట బ్యాంకునకు నష్టము. మరి చెల్లవలసిన చెక్కును త్రిప్పిపంపుటయో? ఇందుకు 1830లో ఇంగ్లండున తీర్పు చెప్పబడిన మార్జెట్టి వ్యాజ్యెము ప్రమాణము. 1828 డిసెంబరులో ఒక వర్తకుని ఖాతాలో 69 పౌనులకు పైగా నిలువ యుండెను. ఒకనాడు ఉదయము పదునొకండు గంటలకు మరి 40 పౌనులు జమకట్టిరి. మధ్యాహ్నము మూడు గంటలకు కొంచెము ముందు 87 పౌనుల చిల్లరకు అతని చెక్కు వచ్చెను. ఉదయపు జమ ఇంకను పద్దుకెక్కకపోవుటచే, గుమాస్తా నిలువ చాలదని త్రిప్పిపంపెను. మరునాడు చూపగా చెల్లినది. వర్తకునకు కాసు నష్టము లేదు. అయినను న్యాయస్థానము, నష్టము ఋజువు కాకున్నను మాట తప్పిన బ్యాంకు నామమాత్రపు పరిహారమైన నీయవలసినదే యని నిర్ణయించెను. వర్తకుని పరువు అతని మూలధనములో భాగమని న్యాయమూర్తులు గుర్తించిరన్నమాట. మన 1881వ సంవత్సరపు చట్టములోని 31వ సెక్షనునందును ఇట్టి న్యాయమే కానవచ్చును: తగినంత సొమ్ము చేతిలో నుండియు చెల్లింపని బ్యాంకు, చెక్కు వ్రాసినవానికి అందువలన కలిగిన నష్టమును పూరింపవలెను.

మన దేశమున 1921లో మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు ఏకమై ఇంపీరియల్ బ్యాంకు ఏర్పడెను. ముఖ్యనగరములలో క్లియరింగు పనిని అది చూచుకొనుచుండెను. 1935 ఏప్రిలు 1న రిజర్వు బ్యాంకు పని మొదలుపెట్టిన తరువాత ఆ బాధ్యత దాని చేతికి వచ్చినది. రిజర్వు బ్యాంకు కార్యాలయము లేని ఊళ్లలో స్టేటు బ్యాంకువంటి పెద్ద బ్యాంకులు ఆ పనిని నిర్వహించినవి. ఉదయము గుమాస్తాలు కట్టలు తెచ్చి మార్చుకొనుట, మధ్యాహ్నము తిరుగు చెక్కులతో మరల కూడుట మన పట్టణములలో చాలకాలము జరిగిన దినచర్య.

తెలుగునాట ఈ విషయమునకు ఒక చిత్రమైన అధ్యాయమున్నది. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 28న మచిలీపట్నమున లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో పని ప్రారంభించెను. నైజాము రాజ్యమున హైదరాబాదు స్టేటు బ్యాంకు 1941లో స్థాపితమై 1942లో పనికి దిగెను. కాని ఆనాడు ఈ రెండు చోట్లను చెల్లు రూపాయి ఒకటి కాదు. హైదరాబాదున హాలీ సిక్కా. ఇవతల బ్రిటిషు ఇండియా రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సుమారు సమానము. ఒకే భాష మాటలాడు ఇద్దరు వర్తకుల నడుమ కాగితము కదలవలెనన్నను మారకపు లెక్క వేయక తప్పెడిది కాదు. ఒకే నాణెము, ఒకే చట్టము, ఒకే బల్ల యున్నగాని చెక్కు సుఖముగా ప్రయాణము చేయదనుటకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు. ఆ రెండు బ్యాంకులును నేడు వేరుగా లేవు. హైదరాబాదు బ్యాంకు 2017లో భారతీయ స్టేటు బ్యాంకునందును, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియను బ్యాంకునందును లీనమైనవి.

చెక్కులు పెరుగగా మనుష్యుల కన్నులు చాలలేదు. 1980వ దశకమున నాలుగు మహానగరములలో అయస్కాంతపు సిరాతో అచ్చువేసిన అంకెలను యంత్రములు చదువు పద్ధతి వచ్చెను. మన చెక్కు అడుగున తెల్లని పట్టీలో వింతగా కనిపించు అంకెలు అవియే. చెక్కు సంఖ్య తరువాతనున్న తొమ్మిది అంకెలలో మొదటి మూడు ఊరిని, నడిమి మూడు బ్యాంకును, తుది మూడు శాఖను తెలుపును. హైదరాబాదునకు 500, చెన్నపట్టణమునకు 600. ఈసారి చెక్కుపుస్తకము తెరచినప్పుడు పిల్లలచేత చదివించి చూడవచ్చును.

పిదప కాగితము ప్రయాణమే ఆగిపోయినది. 2002వ సంవత్సరపు సవరణ చెక్కు ప్రతిబింబమునకు చట్టములో స్థానము కల్పించినది. 2008 ఫిబ్రవరి 1న న్యూఢిల్లీలో ఆరంభమైన క్రొత్త ఏర్పాటు ప్రకారము, చెక్కు జమకు వచ్చిన బ్యాంకులోనే నిలిచిపోవును; దాని ఛాయ మాత్రము తంతిమార్గమున చెల్లింపవలసిన బ్యాంకునకు పోవును. ఆ ఏర్పాటు 2011లో చెన్నపట్టణమునకును, 2013లో ముంబయికిని వ్యాపించెను. 2012 ఏప్రిలు 1నుండి చెక్కు ఆయుర్దాయము ఆరునెలలకు మారుగా మూడు నెలలైనది. 2021 జనవరి 1నుండి 50,000 రూపాయలు, అంతకు మించిన చెక్కుల వివరములను వ్రాసినవారు తమ బ్యాంకునకు ముందుగా తెలుపుకొను సౌకర్యము కలిగెను. 2025 అక్టోబరు 4నుండి, జమకు వచ్చిన చెక్కులు కట్టలు కట్టలుగా గాక ఎప్పటికప్పుడు పోవుచున్నవి. చెల్లునో చెల్లదో చెల్లింపవలసిన బ్యాంకు ఆనాటి సాయంకాలము 7 గంటలలోపల తెలుపవలెనని 2025లో నియమము చేసిరి. తెలుపనిచో చెల్లినట్లే. లంబార్డు వీధి గుమాస్తాల నాటి సూత్రము మారలేదు. గంట మాత్రము దగ్గరపడినది.

ఇన్ని యంత్రములు వచ్చినను, చేతిలో సొమ్ములేక చెక్కు వ్రాయు మనుష్యుని మాత్రము ఏ యంత్రమును మార్చలేదు. నూరేండ్లకు పైగా మన చట్టమున చెక్కు తిరిగివచ్చుట సివిలు తగాదాయే. 1988లో చేసి 1989 ఏప్రిలు 1నుండి అమలుపరచిన సవరణచే 138వ సెక్షను వచ్చి, బాకీ తీర్చుటకిచ్చిన చెక్కు నిలువ చాలక తిరిగివచ్చుట నేరమైనది. బ్యాంకునుండి వార్త అందిన 30 దినములలో చెక్కు పుచ్చుకొన్నవారు వ్రాతపూర్వకముగా నోటీసు ఈయవలెను. నోటీసు అందిన 15 దినములలో సొమ్ము చెల్లించినచో నేరము లేదు. చెల్లింపనిచో ఆపై ఒక నెలలోపల ఫిర్యాదు చేయవచ్చును. శిక్ష రెండేండ్లవరకు ఖైదు, లేక చెక్కు మొత్తమునకు రెట్టింపువరకు జుల్మానా, లేక రెండును. తీర్పులలో ఇంకొక సంగతియు తేలినది: చెక్కు చెల్లకుండుటకై కావలెనని సంతకము మార్చి చేయువాడును ఈ సెక్షనునుండి తప్పించుకొనజాలడని 2012లో సుప్రీంకోర్టు చెప్పినది.

ఈ కఠినచట్టము మోసమును తగ్గించెనా? న్యాయస్థానములు నిండినవనుట మాత్రము నిజము. 2019 డిసెంబరు 31నాటికి దేశమున పెండింగులోనున్న 2 కోట్ల 31 లక్షల క్రిమినలు కేసులలో 35 లక్షలకు పైగా ఈ సెక్షను క్రిందివేనని 2021లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఆ ఒక్కొక్క కేసులోను అద్దె రాని వితంతువో, సరకిచ్చి మునిగిన చిల్లరవర్తకుడో, తెల్లచెక్కుమీద సంతకము చేసి అప్పు తెచ్చుకొని చిక్కుకొన్న రైతో ఉండవచ్చును. క్లియరింగ్ హౌసు ఒక సాయంకాలములో తేల్చు సంగతిని న్యాయస్థానము కొన్నియేండ్లకుగాని తేల్చలేకపోవుచున్నది. పరువునకు గంట గడువు. న్యాయమునకు గడువు లేదు. ఇది ఆలోచింపవలసిన విషయము.

కనుక గృహస్థులకు మా మనవి స్వల్పము. నిలువ చూచుకొనక చెక్కు వ్రాయవద్దు. అంకెలు వేయని చెక్కుమీద సంతకము చేయవద్దు. ఇంటికి చెక్కు వచ్చినచో బీరువాలో దాచక మూడునెలలలోపల జమకు వేయుడు. తిరిగివచ్చినచో ముందు ఆ చీటీమీది కారణము చదువుడు. సొమ్ము లేకపోవుట వేరు, తేదీ తప్పుట వేరు, చేయి వణకుట వేరు. ముఖము చూచి మాటలాడిన తరువాతనే నోటీసుమాట తలపెట్టవచ్చును. కాని ముప్పది దినముల గడువును మాత్రము మరువరాదు.

మా చెక్కుమాట చెప్పి ముగింతుము. మరునాడు మేము బ్యాంకునకు పోయి, క్రొత్త నమూనా సంతకములు చేసి యిచ్చితిమి. గుమాస్తాగా నున్న చిన్నది ఓపికతో మూడుమార్లు చేయించుకొన్నది. అచ్చటినుండి నేరుగా వర్తకుని కొట్టునకు పోయి వేరొక చెక్కు నిచ్చితిమి. ఆయన దానిని చదువకుండగనే మడిచి గల్లాపెట్టెలో వేసి, “క్రొత్త బియ్యము వచ్చినవి, ఒక బస్తా పంపుదునా?” అని యడిగెను. ఆ చెక్కు ఆ సాయంకాలమే చెల్లినది. కాని మా పరువు అంతకుముందే, ఆ గల్లాపెట్టెవద్దనే, మాకు తిరిగి జమయైనది.